ప్రేమించడమంటే అన్నీ నమ్మేయడమేనా?

మా సంఘం వాట్సాప్ గ్రూపు తెల్లారి అయిదింటికే మొదలవుతుంది. స్వస్థత వీడియో, ప్రవచనం, సాక్ష్యం, చివర్లో ఒక క్యూఆర్ కోడ్. కింద వరసగా ‘ఆమెన్’లు. ఎవరైనా ‘ఇది నిజమేనా?’ అని అడిగారో, వెంటనే జవాబు వచ్చేస్తుంది: “తీర్పు తీర్చొద్దు బ్రదర్, ప్రేమ చూపించాలి.”

ప్రేమ చూపించాల్సిందే. కానీ ప్రేమించేవాళ్లు ప్రశ్న అడగకూడదా?

మాత్రలు మానేసిన పిన్ని

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా వీధిలో ఒక పిన్నికి పదేళ్లుగా షుగర్. ప్రార్థన చేయించుకున్నాక కూడా మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని ఏదో వీడియోలో ఒక బోధకుడు చెప్పాడట. మానేసింది. అడిగితే, “దేవుడు ముట్టుకున్నాక ఇంకా మాత్రలేటి బాబూ?” అంది.

కొన్ని నెలలకి కాలికి పుండు పడింది. పాదం అప్పటికే మొద్దుబారిపోయి ఉండడంతో నొప్పి తెలీలేదు. ఆ పుండుతోనే పొలానికి తిరిగింది. ఒకరోజు మా పాస్టరుగారు వాళ్లింటికి వెళ్లి కాలికున్న గుడ్డ చూశారు. ప్రార్థన చేశారు. అక్కడితో ఆగకుండా ఆటో పిలిచి విజయనగరం తీసుకెళ్లారు. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది, కాలు మాత్రం దక్కింది.

వీడియోలో గొంతు తేనెలా ఉంది. పాస్టరుగారు ఆవిడ్ని దారంతా చీవాట్లు పెట్టారు. పిన్నిని నిజంగా ప్రేమించిందెవరు?

సాలూరు నేర్పే పాఠం

మొన్నటిదాకా మా విజయనగరం జిల్లాలోనే ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఫిలడెల్ఫియా అంటే గ్రీకులో సహోదర ప్రేమ. కుష్ఠు అంటే ఇంట్లోవాళ్లే దూరం పెట్టిన రోజుల్లో రోగిని ముట్టుకోవడమే పెద్ద ప్రేమ. అయితే ముట్టుకుంటే జబ్బు తగ్గదు కదా! మచ్చ మీద స్పర్శ ఉందో లేదో చూడాలి, జబ్బేదో తేల్చాలి, మందివ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫార్సు చేసిన బహుళ ఔషధ చికిత్సతో ఇప్పుడు 6 నుంచి 12 నెలల్లో కుష్ఠు నయమవుతోంది.

1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. కుష్ఠుతో వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే దెబ్బలు, కాలిన గాయాలే ఎక్కువగా వేళ్లను తినేస్తున్నాయని ఆయన గమనించి చూపించారు. జాలిపడి ఊరుకుంటే ఆ సంగతి బయటపడేది కాదు.

సంఘానికి వివేచన కూడా నొప్పి లాంటిదే. అది లేని చెయ్యి నిప్పునైనా పట్టుకుంటుంది. కాలుతోందని తెలీదు.

రెండు సంఘాలు, రెండు లోపాలు

ప్రకటన గ్రంథం రెండో అధ్యాయం తీసి చూడండి. ఎఫెసు సంఘం అపొస్తలులమని చెప్పుకునేవాళ్లను పరీక్షించి, అబద్ధికులని పట్టేసింది. అందుకు మెప్పు దక్కింది. కానీ మొదట ఉన్న ప్రేమ పోయిందని మందలింపూ తప్పలేదు. తుయతైర సంఘానిది దీనికి తిరగబడ్డ కథ. ప్రేమ ఉంది, సేవ ఉంది, కానీ ప్రవక్తినినని చెప్పుకునే ఆవిణ్ని ఏమీ అనకుండా ఊరుకుంది. దానికీ మందలింపే.

మా గ్రూపు తుయతైర. తప్పు దొరికితే చాలు, ఎదుటివాడి పరువు తీసే కొన్ని యూట్యూబ్ ఛానళ్లు ఎఫెసు.

బెరయ వాళ్లయితే ఏకంగా పౌలు చెప్పిందే నిజమో కాదో రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17లో వాళ్లను మెచ్చుకున్నారే తప్ప తిట్టలేదు. మా ఆఫీసులో ఎంత సీనియర్ రాసిన కోడ్‌నైనా రివ్యూ చేయకుండా కలపరు. అది ఎవరికీ అవమానం కాదు.

ఫార్వర్డ్ నొక్కేముందు

మందులు మానేయమనే ఏ మాటనీ ముందుకు పంపకండి. మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టరే చెప్పాలి.

కానుక ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. క్యూఆర్ స్కాన్ చేశాక తెర మీద ఎవరి పేరు వస్తోందో మాత్రం చూడండి. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ‘ఆశీర్వాదం డబ్బులు’ పంపుతాం, పిన్ కొట్టండి అన్నారంటే అది మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్లు తప్పుడు వీడియో పెడితే గ్రూపులో అందరి ముందూ నిలదీయకండి. ముందు ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18లో ఉంది కదా. ఈ రాత్రి అమ్మకి ఫోన్ చేసినప్పుడు “ఆ వీడియో అబద్ధం” అనే మాటతో మొదలుపెట్టకండి. “మాత్ర వేసుకున్నావా?” అని ముందు అడగండి. వీడియో సంగతి తర్వాత మాట్లాడొచ్చు.