916, 875, 750... నగ మీద అంకెలు ఏం చెబుతున్నాయి?

మన ఇళ్లలో నికాహ్ కుదిరిందంటే ముందు లెక్కకొచ్చేది బంగారమే. ఎన్ని తులాలు అని అందరూ అడుగుతారు, ఎన్ని క్యారెట్లు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కానీ డబ్బు పోయేది ఎక్కువగా ఆ రెండో ప్రశ్న దగ్గరే. చార్మినార్ దగ్గర చార్‌కమాన్‌లో కొన్నా, ప్రొద్దుటూరులో కొన్నా, గల్ఫ్ నుంచి తెప్పించుకున్నా లెక్క ఒకటే. ఒకసారి అర్థమైతే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

క్యారెట్ అంటే ఏంటి?

బంగారాన్ని 24 భాగాలుగా అనుకోండి. 24కి 24 భాగాలూ బంగారమే అయితే అది 24 క్యారెట్, అంటే మేలిమి బంగారం. అది మరీ మెత్తగా ఉంటుంది, నగ చేస్తే వంగిపోతుంది. అందుకే రాగి, వెండి లాంటివి కలుపుతారు. 24లో 22 భాగాలు బంగారమైతే 22 క్యారెట్. దాన్నే వెయ్యికి ఎంత అన్న లెక్కలో 916 అంటారు. అంటే వెయ్యి గ్రాముల నగలో 916 గ్రాములు అసలు బంగారం. ఇదే పద్ధతిలో 20 క్యారెట్ 833, 18 క్యారెట్ 750, 14 క్యారెట్ 585.

డబ్బులో తేడా ఎంతో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 10 గ్రాముల 22 క్యారెట్ నగలో బంగారం విలువ 91,600. అదే బరువున్న 18 క్యారెట్ నగలో 75,000. చూడటానికి రెండూ పచ్చగానే మెరుస్తాయి, తూకం కూడా ఒకటే. తేడా మాత్రం 16,600 రూపాయలు.

మూడు గుర్తులు చూడండి

మన దేశంలో 2021 జూన్ 23 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగ మీద మూడు గుర్తులు ఉండాలి. ఒకటి, బీఐఎస్ త్రికోణం గుర్తు. రెండు, 22కె916 లాంటి స్వచ్ఛత గుర్తు. మూడు, అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్. ఈ కోడ్ ఒక్కో నగకి ఒక్కోటి, రెండు నగలకి ఒకే కోడ్ ఉండదు.

షాపులో భూతద్దం అడిగి కోడ్ చదవండి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ కోడ్ కొట్టండి. నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన సెంటర్, తేదీ కనిపిస్తాయి. యాప్‌లో ఉంగరం అని వచ్చి మీ చేతిలో గొలుసు ఉందంటే ఆ నగ కొనకండి.

కేడీఎం అని చెబితే అదే గ్యారంటీ అనుకోవద్దు. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకం. అది అతికించే పద్ధతి మాత్రమే, స్వచ్ఛత గుర్తు కాదు. కాడ్మియం పొగ పనివాళ్ల ఆరోగ్యానికి హాని కూడా.

ఇంట్లో ఉన్న పాత నగలకి హెచ్‌యూఐడీ లేదని కంగారు పడక్కర్లేదు. ఆ నిబంధన అమ్మే షాపులకి. మీ పాత నగ మీరు ఉంచుకోవచ్చు, షాపుకి అమ్ముకోవచ్చు కూడా.

హాల్‌మార్క్ తప్పనిసరి కానివి

2 గ్రాముల లోపు వస్తువులకి, కుందన్, పోల్కీ, జడావు నగలకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. హైదరాబాద్ పెళ్లిళ్లలో జడావు నగలు మామూలే కాబట్టి ఇక్కడ జాగ్రత్త అవసరం. రాళ్లు, లక్క, ముత్యాలు తీసేస్తే బంగారం నికరంగా ఎంత, ఎన్ని క్యారెట్లు అన్నది బిల్లులో రాయించుకోండి. నల్లపూసల లచ్చాకి కూడా ఇంతే. పూసల బరువుకి బంగారం రేటు కట్టకూడదు.

గల్ఫ్ బంగారం

సౌదీ నుంచి మనవాళ్లు తెచ్చే నగల మీద చాలాసార్లు 875 అని ఉంటుంది. అది 21 క్యారెట్. నకిలీ కాదు, కానీ 916 కూడా కాదు. పైన చెప్పిన రేటుకే 10 గ్రాముల మీద 4,100 రూపాయల తేడా వస్తుంది. ఇక్కడ మార్చుకునేటప్పుడు షాపువాళ్లు తక్కువ కడితే మోసం అనుకునే ముందు నగ మీద అంకె చూడండి. అంకె 875 ఉండి 18 క్యారెట్ రేటు కడుతుంటే మాత్రం ఒప్పుకోవద్దు, పరీక్ష చేయించమనండి.

మెహర్, జకాత్ దగ్గర తులం చిక్కు

ఇప్పుడు బజారులో తులం అంటే 10 గ్రాములు. పాత తులం 11.664 గ్రాములు. మెహర్‌లో "5 తులాల బంగారం" అని మాత్రమే రాస్తే అది 50 గ్రాములా, 58.32 గ్రాములా? 22 క్యారెట్ నగా, 24 క్యారెట్ బిస్కెటా? రేపు మాట తేడా వస్తే నష్టపోయేది ఆడపిల్లే. అందుకే నికాహ్‌నామాలో "22 క్యారెట్, 50 గ్రాములు" అన్నట్టు గ్రాముల్లో, క్యారెట్‌తో సహా రాయించండి. దీనికి ఖర్చేమీ లేదు.

జకాత్ నిసాబ్‌గా చెప్పే ఏడున్నర తులాలు కూడా పాత తులాలే, అంటే 87.48 గ్రాములు. 75 గ్రాములు కాదు. విలువ కట్టేటప్పుడు ఏ నగని ఆ క్యారెట్ రేటుతోనే లెక్కేయాలి, 18 క్యారెట్ నగకి 22 క్యారెట్ రేటు వేయక్కర్లేదు. కలిపిన లోహం, రాళ్ల విషయంలో మసలా ఏంటన్నది మీ ముఫ్తీ సాహెబ్‌ని అడగండి.

అనుమానం వస్తే

బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎవరైనా తమ నగని పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల వరకు 200 రూపాయలు, ఐదు అంతకంటే ఎక్కువైతే నగకి 45 రూపాయల చొప్పున రుసుము, పైన జీఎస్‌టీ. హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, 2018 బీఐఎస్ నిబంధనల ప్రకారం ఆ తేడాకి రెట్టింపు, దాంతోపాటు పరీక్ష ఖర్చు కొన్నవాళ్లకి రావాలి. ఉదాహరణకి 916 అని అమ్మిన 20 గ్రాముల గొలుసు 833 అని తేలిందనుకోండి. తగ్గిన బంగారం 1.66 గ్రాములు, పై రేటుకి 16,600 రూపాయలు. రావాల్సింది 33,200.

ఇదంతా జరగాలంటే చేతిలో బిల్లు ఉండాలి. జీఎస్‌టీ 3 శాతం తగ్గుతుందని చిట్టీ మీద రాయించుకుంటే, రేపు అడగడానికి ఆధారం ఉండదు. బిల్లులో నికర బరువు, క్యారెట్, తరుగు, మజూరీ, హాల్‌మార్క్ ఛార్జీ విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఆ బిల్లుని నికాహ్‌నామా పెట్టిన చోటే భద్రంగా పెట్టండి.