బడి విడిచాక కథ ఎవరు రాస్తారు?

కొత్తగూడెం: సింగరేణి బొగ్గు గనుల చెంత 1978లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్ ఆ తరువాత కాకతీయ విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల అయింది. 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మారింది. బోర్డు మార్చడం ఒక్కపూట పని. మరి పాత బోర్డు కింద చదివి వెళ్లినవారు ఇప్పుడెక్కడున్నారు? ఏం చేస్తున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఉద్యోగంగా బతికినవారు లోకంలో ఉన్నారు. వారే విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థుల పత్రికల సంపాదకులు.

మంత్రికీ పంతులుకీ ఒకే చోటు

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి పత్రిక 1900లో మొదలై నేటికీ వెలువడుతున్నది. చదువు ముగించిన సంవత్సరం వారీగా అందులో పాత విద్యార్థుల కబుర్లు వేస్తారు. ఎవరికి ఏ ఉద్యోగం దొరికింది, ఎవరింట పెళ్లి జరిగింది, ఎవరు కాలం చేశారు - అన్నీ నాలుగు ముక్కల్లో ఉంటాయి. ఉత్తరాలు రాయడం, తెలిసినవారిని వాకబు చేయడం, తప్పులు సరిచూడడం, ఇదే సంపాదకుని నిత్యకృత్యం.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. పాత విద్యార్థుల నుంచి విరాళాలు రావాలని ఏ విశ్వవిద్యాలయమైనా కోరుకుంటుంది. అందుచేత డబ్బున్నవారి ఫొటోలే పైకి వస్తుంటాయి. మంత్రి అయినవాడితోపాటు మారుమూల పల్లెలో పాఠం చెప్పే పంతులుకూ చోటిచ్చినవాడే మంచి సంపాదకుడు.

తెలుగునాట జరిగిన పని

మనవారు ఇటువంటి పని చేయకపోలేదు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి, నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాట విని ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు రప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. వారంతా ఒకే బడిలో చదివినవారు కారు. కాని పేరు రాసిపెట్టకుంటే మనిషి లేనట్లే లెక్క అని ఆ సంచిక నిరూపించింది.

మన అడవి అంచుకు వచ్చి రాసినవారు ఆచార్య హైమన్‌డార్ఫ్. గోదావరి తీరంలోని కొండరెడ్ల నడుమ తిరిగి, వారి జీవితంపై 1945లో పుస్తకం ప్రచురించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో 1943లో ఆరంభం కావడానికి ఆయనే కారకులు. అక్కడితో పని అయిపోయిందనుకోలేదు. ముప్పయ్యేళ్లు దాటాక మళ్లీ ఆ గూడేలకు వచ్చి, ఆ చదువుల వల్ల ఏం జరిగిందో, ఏం జరగలేదో చూసి 1982లో మరో పుస్తకంలో రాశారు.

రిజిస్టరు ఆగినచోట

భద్రాచలం దారిలో ఏ ఊరి బడికి వెళ్లినా హెడ్మాస్టరు బీరువాలో అడ్మిషను రిజిస్టరు ఉంటుంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, బడి విడిచిన తేదీ. రిజిస్టరు అక్కడితో ఆగుతుంది. సంపాదకుని పని అక్కడే మొదలవుతుంది.

దీనికి అచ్చుయంత్రం అక్కరలేదు. రెండువందల పేజీల నోటుపుస్తకం చాలు. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు: ఏ సంవత్సరం, ఏ గూడెం, ఎక్కడిదాకా చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు. ఏడో తరగతిలో బడి మానేసి తునికాకు కోతకు వెళ్లిన పిల్ల పేరూ అందులో ఉండాలి. ఎందుకు మానిందో రాయాలి. బడి ఎక్కడ ఓడిందో గెలిచినవారి జాబితా చెప్పదు, ఆ పిల్ల చెబుతుంది.

పాత పంతుళ్లు, పెద్ద తరగతుల పిల్లలు కలిస్తే ఒక్క వేసవిలో ఈ పని పూర్తవుతుంది. మొదటి తరం చదువరుల సంగతి నోటితో చెప్పగలవారు ఇంకా ఊళ్లో ఉండగానే అది జరగాలి.