పట్టాలున్నాయి.. ప్రయాణికుల బండే లేదు!
తిరువొత్తియూరు దాకా రైలు.. ఆపై ఆటోయే దిక్కు

మనలి (చెన్నై): సూళ్లూరుపేట, తడ, ఆరంబాకం వైపు నుంచి లోకల్ బండెక్కి మనలికి పనికొచ్చేవాళ్లకు రైల్లో కూర్చున్నంత సేపూ పెద్ద ఇబ్బంది లేదు. సూళ్లూరుపేట నుంచి తిరువొత్తియూరుకు సుమారు 70 కిలోమీటర్లు. ఒక కునుకు తీసి లేచేసరికి వచ్చేస్తుంది. అసలు తంటా అక్కడ దిగాకే. మిగిలింది నాలుగు కిలోమీటర్లే అయినా, ఆ కాస్త దూరానికే ఒంట్లో సత్తువంతా ఖర్చవుతుంది.

మనలికి రైలు పట్టాలు లేవనుకుంటే పొరపాటే. తిరువొత్తియూరు నుంచి ఫ్యాక్టరీల వైపు ఒక లైను ఉంది. దాని మీద గూడ్సు బండ్లే తిరుగుతాయి. ఎరువు బస్తాకు దొరికిన రైలు భాగ్యం దాన్ని తయారుచేసే కార్మికుడికి దొరకలేదన్నమాట! మద్రాస్ రిఫైనరీస్ పేరుతో 1969లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇప్పటి చెన్నై పెట్రోలియం, ఆ తర్వాత మద్రాస్ ఫెర్టిలైజర్స్, చుట్టూ పెట్రో రసాయనాల ఫ్యాక్టరీలు... ఇవన్నీ వచ్చి అర్ధ శతాబ్దం దాటింది. రిఫైనరీకి రాత్రీ పగలూ ఒకటే. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ బస్సుంటుంది. కాంట్రాక్టు కూలీకి ఎవరిస్తారు? టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని స్టేషన్ బయట షేర్ ఆటో కోసం కాచుకోవాల్సిందే. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒరిగి కూర్చుంటే అదే అదృష్టం.

బస్సులు లేవా అంటే ఉన్నాయి. మనలి బస్టాండు నుంచి బ్రాడ్‌వే వైపు, కోయంబేడు వైపు సిటీ బస్సులు నడుస్తాయి. చిక్కల్లా ఏమిటంటే అవి ఊరికోసం నడిచే బస్సులు, రైలు కోసం కాదు. బండి వచ్చే వేళకు, బస్సు కదిలే వేళకు పొంతన కుదరదు. లోకల్ పది నిమిషాలు ఆలస్యమైతే కండక్టరు ఆగుతాడా? ఆగడు. పైగా రోడ్డు సంగతి తెలిసిందే. ఓడరేవులకు వెళ్లే కంటైనర్ ట్రైలర్లు బారులు తీరితే బస్సు నత్తనడకే. షిఫ్టు టైముకు గేటు దగ్గర లేకపోతే ఆ పూట కూలి పోయినట్టే.

అందుకే కొందరు మీంజూరులోనే దిగేస్తారు. అక్కడి నుంచి నాపాలెం మీదుగా మనలి న్యూటౌన్‌కు పొన్నేరి రోడ్డు ఉంది. ఫెర్టిలైజర్స్ వైపు పనివాళ్లకు ఇది దగ్గరి దారి. అయితే వానాకాలంలో ఈ దారిని నమ్ముకోవడం కష్టం. కొసస్థలైయార్ నది, బకింగ్‌హాం కాలువ పొంగితే ఈ చుట్టుపక్కల పల్లమంతా నీళ్లే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మనలి మునిగింది. వరదనీటిలో చమురు కలిసి ఎన్నూరు వాగు దాకా పాకింది. అప్పుడు బస్సుల మాట అటుంచి మనిషి నడిచే దారే లేకపోయింది.

పట్నం దగ్గరికొచ్చినకొద్దీ సౌకర్యాలు పెరగాలి కదా. పెరిగాయి, మనలి పక్కనుంచి వెళ్లిపోయాయి! మెట్రో 2021 ఫిబ్రవరిలో వింకోనగర్ వరకు వచ్చింది. అది నడిచేదీ తిరువొత్తియూరు హైరోడ్డు వెంటే. ఆంధ్రా బస్సులకు 2018 అక్టోబరులో మాధవరంలో వేరే బస్టాండు కట్టారు. నెల్లూరు, తిరుపతి బస్సు దిగినవాళ్లకు మనలి కూతవేటు దూరమే. అక్కడా మళ్లీ ఇంకో బస్సు వెతుక్కోవాలి. మనలి పురపాలక సంఘం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. పన్ను పట్నం లెక్కన, ప్రయాణం పల్లె లెక్కన అని స్థానికులు విసుక్కుంటే తప్పుపట్టలేం.

ఆడవాళ్లకు మాత్రం కొంత ఊరట. తమిళనాడులో 2021 మే నుంచి ఆర్డినరీ సిటీ బస్సుల్లో మహిళలకు ఉచితం. ఏ ఊరని అడగరు. తడ నుంచి వచ్చినా టికెట్ డబ్బుల్లేవు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది గానీ, అంతర్రాష్ట్ర బస్సులకు అది వర్తించదు. ఉచితం బాగానే ఉంది, ఎక్కడానికి బస్సు రావాలిగా! బస్సు రాకపోతే ఆటోకు జేబులోంచి తీయాల్సిందే.

బస్సు, మెట్రో, లోకల్ అన్నిటికీ ఒకే టికెట్ అంటూ 2025 సెప్టెంబరులో ‘చెన్నై వన్’ యాప్ తెచ్చారు. టికెట్లు కలిశాయి, వేళలు కలవడమే మిగిలింది. అంతకుముందు 2024లో మినీ బస్సుల కొత్త పథకం ముసాయిదా వచ్చినప్పుడు అందులో తిరువొత్తియూరు, మనలి, మాధవరం పేర్లు చూసి ఇక్కడివాళ్లు ఆశపడ్డారు. కొత్త వంతెన కట్టమని, గూడ్సు లైనును ప్రయాణికులకు ఇవ్వమని ఇప్పటికిప్పుడు అడగక్కర్లేదు. షిఫ్టు మారే వేళల్లో లోకల్ వచ్చాక కదిలేలా స్టేషన్ బయట నాలుగు మినీ బస్సులు నిలిపితే చాలు. దానికి రైల్వే వారి టైంటేబుల్ ఒకటి మనలి బస్టాండు గోడకు అంటించుకుంటే సరిపోతుంది.