యా ఊరప్పా మీది?

కర్నూలు జిల్లా ఆస్పరి పక్క కొత్త మనిషి ఎదురైతే మొదట అడిగేది పేరు కాదు, ఊరు. తర్వాత ఇల్లు. మూడో మాటకు వరస కలుస్తుంది. ఇక్కడ ఆ వరసే పూచీకత్తు, ఆ వరసే పెట్టుబడి. మెడకు పడే పలుపూ ఒక్కోసారి అదే.

ఆస్పరి రైల్వే స్టేషన్లో బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారనుకోండి. గుంతకల్లు వైపు పోయే బండి ఇంకా రాలేదు. ఒకాయన మార్కెట్లో టమోటా దించి వచ్చిన రైతు. రెండోవాడు పాతికేళ్ల కుర్రాడు. పెద్దాయనే కదిలిస్తాడు.

"యా ఊరప్పా మీది?"

"కైరుప్పల."

"కైరుప్పల్లో ఎవురి పిల్లోనివి?"

"ఈరన్న కొడుకును."

"యా ఈరన్న? ఎద్దుల ఈరన్నా?"

"ఔ."

"అట్లయితే మీ యమ్మది హాలహర్వి గదా! మా చిన్నమ్మను ఇచ్చింది ఆ ఊరికే. మా చిన్నమ్మ కొడుకులు మీ యమ్మను అక్కా అంటారు. నువ్వు నాకు అల్లుడి వరస అయితావు."

బండి వచ్చేలోపల మామా అల్లుళ్లు తయారయ్యారు. టీ డబ్బులు మామే ఇస్తాడు. రేపు ఆ కుర్రాడికి విత్తనాలు అరువు కావాలన్నా, ఆదోనిలో డాక్టరు దగ్గరికి తోడు కావాలన్నా, చెల్లెలికి సంబంధం వెతకాలన్నా ఒక తలుపు తెరుచుకున్నట్టే. ఇది కల్పించి రాసిన సంభాషణే కానీ, ఈ పక్క ఏ బస్సెక్కినా ఇలాంటిది ఒకటి చెవిన పడుతుంది.

జాన్ బార్న్స్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త నార్వేలోని బ్రెమ్నెస్ అనే జాలర్ల ఊళ్లో తిరిగి, మనుషుల మధ్య పరిచయాలు వలలా అల్లుకుని ఉంటాయని 1954లో రాశాడు. సోషల్ నెట్‌వర్క్ అన్న మాట శాస్త్రంలో నిలదొక్కుకున్నది అక్కడినుంచే. మన దగ్గర ఆ అల్లికకు ముందునుంచీ ఒక మాట ఉంది: వరస. దానికి రెండర్థాలు. ఒకటి చుట్టరికం. రెండోది ఎవరి ముందు ఎవరు, ఎవరి వెనక ఎవరు అని చెప్పే క్రమం. పడమటి కర్నూలు పల్లె బతుకంతా ఈ రెండు అర్థాల నడుమే నడుస్తుంది.

పేరులోనే పీట

మనిషికి సంఘంలో దొరికే హోదాలు రెండు రకాలని రాల్ఫ్ లింటన్ అనే అమెరికన్ పండితుడు 1936లో విడదీసి చెప్పాడు. పుట్టుకతో అంటుకునేవి కొన్ని, మనిషి తన పనితో తెచ్చుకునేవి కొన్ని. ఆడ, మగ, కులం, వయసు మొదటి రకం. టీచరు, మేస్త్రీ, సర్పంచి రెండో రకం.

ఈ ప్రాంతంలో మొదటి రకం హోదా చాలామంది పేరులోనే అచ్చుపడి ఉంటుంది. ఓటర్ల జాబితా తిరగేయండి. బోయ, కురువ, చాకలి, వడ్డె, ఈడిగ, మాదిగ అన్న మాటలు ఇంటిపేర్ల స్థానంలో కనిపిస్తాయి. కోస్తా వైపు ఇంటిపేరు చాలాసార్లు ఒక ఊరినో వంశాన్నో చెబుతుంది. ఇక్కడ అదే చోట కులం కూర్చుంది. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా పిల్లవాడి కంటే ముందు వాడి కులం పలుకుతుంది.

అసలు పేరు మాత్రం వేరే కథ చెబుతుంది. ఉరుకుందు అని పేరుంటే కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని పుట్టినవాడని అర్థం. రాఘవేంద్ర అంటే మంత్రాలయం వైపు దండం పెట్టిన ఇల్లు. హిందువుల ఇళ్లలోనే హుసేనప్పలు, దస్తగిరులు ఉంటారు. పీర్లకు మొక్కుకున్న తల్లి పెట్టుకున్న పేర్లవి. ముందు సగం కులం గీత గీస్తే, వెనక సగం ఆ గీతను దాటుకుని వెళ్తుంది.

పుట్టుకతో వచ్చే హోదా ఎంత గట్టిదో చూడాలంటే దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు పోవాలి. మాళ మల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం. కర్రల సమరం అని టీవీల్లో అందరూ చూసేది అదే. ఉత్సవానికి ముందు నెరణికి, కొత్తపేట ఊళ్ల జనం పాలబాస చేస్తారు. పగలు పక్కనపెట్టి కలిసికట్టుగా ఉంటామని పాలు సాక్షిగా చెప్పుకునే మాట అది. ఆ రాత్రే అక్కడి కథలోని రాక్షసులకు పిడికెడు రక్తం ఇచ్చే పని కంచాబీర వంశస్థులది. ఆ పనికి దరఖాస్తు లేదు, పోటీ లేదు. ఆ ఇంట్లో పుట్టడమే అర్హత. అలాగని అందులో అవమానమూ లేదు. ఆ రాత్రి కొండ మీదున్న వేలమంది చూపు ఆ ఒక్కడి మీదే ఉంటుంది.

ఒక్క మనిషి, ఆరు పిలుపులు

హోదా కూర్చునే పీట అయితే, పాత్ర ఆ పీట మీద చేయాల్సిన పని. ఆస్పరి మండలంలో ఏ ఊరిదైనా ఒక నలభై ఏళ్ల ఇల్లాలిని ఊహించుకోండి. పొద్దున అత్తకు కోడలు. బిడ్డను బడికి తోలేటప్పుడు అమ్మ. ఊరివాళ్లకు ఆమె పేరు ఆలూరామె. పుట్టింటి ఊరే పేరైపోవడం మన పల్లెల్లో మామూలు. పొలంలో కూలి మనిషి. మార్కెట్లో గంపల దగ్గర బేరమాడే రైతు. సాయంత్రం పొదుపు సంఘం లీడరు.

ఈ ఆరింటికీ ఆరు రకాల గొంతులు కావాలి. అత్త ముందు తగ్గే గొంతుతో మార్కెట్లో బేరమాడితే సరుకు మునుగుతుంది. మార్కెట్ గొంతు ఇంట్లో పెడితే పొయ్యి రాజుకోదు. ఒకే రోజులో ఇన్ని గొంతులు మార్చడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్పినట్టు ఎవరికీ గుర్తూ లేదు.

చిక్కు వచ్చేది రెండు పాత్రలు ఒకే గుమ్మంలో ఎదురుపడినప్పుడు. సంఘంలో కంతు కట్టని మనిషి సొంత ఆడబిడ్డే అయితే? లీడరుగా గట్టిగా అడగాలి. వదినగా అడగకూడదు. అడిగితే పండక్కి పిలుపు ఉండదు. అడగకపోతే మిగతా సభ్యులు ఊరుకోరు. చాలామంది లీడర్లు ఇక్కడ ఒక ఉపాయం పట్టుకుంటారు: తాను అడగకుండా ఇంకో సభ్యురాలిని పంపుతారు. వరస చెడదు, కంతు వస్తుంది.

వరసతో పని లేకుండా మనుషులను కలిపే ప్రయత్నాలు ఈ జిల్లాకు కొత్త కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం మీద కూర్చున్నవాడు సావుకారి దగ్గర అప్పుతో చిక్కుకుపోయిన రోజులవి. సంఘంలో అతడు సభ్యుడయ్యాడు. సభ్యుడు అన్నది పుట్టుకతో రాని హోదా. సోమప్పకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం పేదరిక నిర్మూలన పథకానికి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలను ఎంచుకుంది. రాష్ట్రమంతా పాకిన మహిళా సంఘాల సమాఖ్యలకు బలమైన పునాది అక్కడ పడింది. అంతవరకు ఫలానావారి కోడలుగానే తెలిసిన ఆడమనిషికి బ్యాంకు పుస్తకం మీద తన పేరు, తన సంతకం వచ్చాయి.

సుగ్గి దారిలో

ఈ పడమటి మండలాల్లో వానే పంట. వాన తప్పినా, కాస్తో కూస్తో పండినది ఇల్లు చేరినా, ఊళ్లు సుగ్గికి కదులుతాయి. కోతకాలాన్ని చెప్పే కన్నడ మాటే ఇక్కడ వలసకు పేరైంది. పత్తి తీతకు తెలంగాణకు, మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపుకు. బియ్యం మూటలు, వంట సామాను, పసిపిల్లలు అన్నీ ఒకే లారీలో. వీధుల్లో తాళాలు, తాళాల ముందు అవ్వాతాతలు మిగులుతారు. బడి మానకుండా పిల్లలను ఊళ్లోనే నిలపడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంది.

ఈ ప్రయాణమంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది: మేస్త్రీ. ఊళ్లో అతను కొందరికి మామ, కొందరికి అన్న. అడ్వాన్సు ఇచ్చి గుంపు కట్టేది, బండి మాట్లాడేది, అక్కడి రైతుతో కూలి తేల్చేది, జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకుపోయేది అతనే.

ఆ మేస్త్రీ ఆస్తి ఏమిటి? ఊళ్లో తనకు తెలిసిన ముప్పై ఇళ్లు కాదు. ఆ ఇళ్లు అందరికీ తెలుసు. గుంటూరు పక్క ఏ ఊళ్లోనో ఉన్న ముగ్గురు రైతుల ఫోన్ నంబర్లు అతని ఆస్తి. వాళ్లతో వరస లేదు, విందు లేదు. ఏడాదికొకసారి మాట.

మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో పట్టుకున్న సూత్రం ఇదే. బోస్టన్ దగ్గర, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఆ తెలిసిన మనిషిని మీరు అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచూ కలిసేవాళ్లమన్నవారు నూటికి 17 మందే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడు తగిలేవారు, ఎప్పుడో గానీ కనిపించనివారు. కారణం మన రచ్చబండ దగ్గరా తెలిసినదే. ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లందరికీ ఒకే కబురు తెలుసు. కొత్త కబురు రావాలంటే పొరుగూరి మనిషి రావాలి.

కష్టంలో పట్టుకునేది మాత్రం దగ్గరి వరసే. పరాయి ఊళ్లో బిడ్డకు జ్వరం వస్తే గుంటూరు రైతు కంటే పక్క గుడారంలోని పిన్నమ్మే ముందు లేస్తుంది. అందుకే గుంపులో ఎప్పుడూ చుట్టాలే ఎక్కువ. దూరపు పరిచయం పని చూపిస్తుంది, దగ్గరి చుట్టరికం ఆ పనిచోట నిలబెడుతుంది.

ఈ అమరికలో ఒక మెలిక ఉంది. తూకంలో తేడా వచ్చిందని అనుమానం వస్తే ఎవరిని నిలదీయాలి? మామను లెక్క అడిగితే వరస చెడుతుంది. అడగకపోతే కూలి చెడుతుంది. మేస్త్రీకీ అదే ఇరకాటం. ఇటు ఊరివాళ్లకు మామ, అటు రైతుకు పూచీ. అడ్వాన్సు తీసుకున్నవాడు పనికి రాకపోతే మాట పోయేది అతనిది.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఈ ముడిని వేరే వైపునుంచి విప్పాలని చూసింది. 2006 ఫిబ్రవరి 2న పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని ప్రారంభించారు. ఇంటికి ఒక జాబ్ కార్డు, ఏడాదికి 100 రోజుల పని అన్నది అప్పటి హామీ. అందులో పని హక్కుగా వచ్చింది, మామ దయగా కాదు. అయినా కొండ పని, గుంత పని ఎప్పుడు మొదలవుతుందో ఎవరికి ముందు తెలుస్తుందన్న చోట వరస మళ్లీ తలెత్తింది.

వరస ఆగే గడప

తెలుగులో అమ్మ తమ్ముడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే. మేనరికం ఉన్న నేలలో ఆ మాటలోనే సంబంధం దాగి ఉంటుంది. కానీ బోయ ఇంటి పిల్లవాడు కురువ పెద్దమనిషిని మామా అన్నప్పుడు, రెడ్ల ఇంటి కోడలు సాయిబుల ముసలమ్మను అత్తా అన్నప్పుడు అందులో పెళ్లి మాట లేదని ఇద్దరికీ తెలుసు. ఇది ఊరి వరస. మేనరికానిది ఇంటి వరస. ఊరి వరస వీధి వరకే నడుస్తుంది. వాకిట్లో మంచం వేస్తుంది, చుట్ట ఇస్తుంది, పెళ్లికి పిలుస్తుంది. వంటింటి గడప దగ్గర ఆగిపోతుంది.

ఆ వీధి వరస కూడా అందరికీ దక్కలేదు. డెబ్బై ఏళ్ల దళిత తాతను పదేళ్ల పిల్లవాడు పేరు పెట్టి, ఏకవచనంలో పిలవడం, ఆ తాత తిరిగి ఆ పిల్లవాడిని చిన్నరెడ్డీ అనడం మన పల్లెలకు కొత్త కాదు. టీ అంగట్లో రెండు రకాల గ్లాసులు ఉండిన కాలం తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వరస అన్న మాటకు రెండో అర్థం, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది, అక్కడ పండ్లు బయటపెడుతుంది. 1955లో అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం గ్లాసును తీసేయించగలదు. తాతా అని పిలిపించలేదు.

ఆ పిలుపు వేరే దారిన వస్తోంది. ఒకే క్లాసులో చదివినవాళ్లు, ఒకే ఆటోలో ఆదోనికి డిగ్రీ కాలేజీకి పోయినవాళ్లు ఒకరినొకరు అన్నా అనుకుంటున్నారు. ఆ అన్నకు వంశం అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు. దాని బరువు తక్కువే. కానీ బరువు తక్కువ కాబట్టే అది గడపలు దాటుతుంది.

పిడకలు ఆగాక

సుగ్గికి పోయినవాళ్లు చాలామంది ఉగాదికి ఊరు చేరాలని చూస్తారు. ఆ మరుసటి రోజు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం. వీరభద్ర స్వామికి, కాళికాదేవికి నడుమ ప్రేమ, అలక, రెండు వైపులవాళ్ల గొడవ, చివరికి రాజీ అని కథ. కారుమంచినుంచి రెడ్డి వంశస్థులు గుర్రం మీద వచ్చి పూజ చేశాక ఊరు రెండు పక్షాలవుతుంది. ఒకటి స్వామి వైపు, ఇంకోటి అమ్మవారి వైపు. దుమ్ము లేచేలా పిడకలు విసురుకుంటారు. తలలు పగులుతాయి. దెబ్బ తగిలిన చోట విభూతి రాసుకుంటారు. ఆ తర్వాత దేవుళ్ల పెళ్లి జరుగుతుంది. కొట్టుకున్నవాళ్లు వియ్యాలవారవుతారు.

గుర్రం ఎక్కే ఇల్లు ఏదో పుట్టుకే తేల్చింది. దాన్ని ఎవరూ మార్చలేదు. పిడక గాలిలోకి లేచాక మాత్రం ఎవరు ముందు ఎవరు వెనక అన్న లెక్క ఉండదు. అది ఎవరికి తగులుతుందో విసిరినవాడికే తెలియదు. మామకు తగిలినా మామ అడగకూడదు.

ఏడాదంతా మామను లెక్క అడగలేని ఊళ్లో ఆ కాసేపు అంత స్వేచ్ఛ. చీకటి పడ్డాక విభూతి మరకలతో ఇద్దరు ఒకే అరుగు మీద కూర్చుంటారు. పక్క ఊరినుంచి జాతర చూడవచ్చిన కుర్రాడు ఒకడు అరుగు చివర చోటు వెతుక్కుంటాడు. పెద్దాయన కాస్త జరిగి, వాణ్ని కూర్చోబెట్టుకుని అడుగుతాడు.

"యా ఊరప్పా మీది?"