సర్వాంగ బలానికి దేహభారమే సాధనం

“ప్రతిదినం గంటసేపు నడుస్తున్నాను. అయినా నేల మీద కూర్చుంటే చేయి ఊనకుండా లేవలేకపోతున్నాను. ఎందుచేత?” అని నడివయసు వారు నన్ను తరచుగా అడుగుతుంటారు. నడక గుండెకు, శ్వాసకు మేలు చేస్తుంది. కాని కండబలం నిలుపుకొనడానికి అదొక్కటే చాలదు. వయసు పెరిగేకొద్దీ, పని కల్పించని కండ క్రమంగా క్షీణిస్తుంది. వార్ధక్యంలో జారిపడి ఎముకలు విరగడానికి ఈ దౌర్బల్యం ఒక ముఖ్య కారణం. పెద్దలు వారానికి కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలవర్ధక వ్యాయామం కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ఇందుకు యంత్రాలు అక్కరలేదు. మన గరిడీలలో, తాలీంఖానాలలో దండాలు, బస్కీలు తరతరాలుగా ఉన్నవే. అయితే దండాలు రొమ్మునూ భుజాలనూ, బస్కీలు తొడలనూ బలపరుస్తాయి. లాగే పని చేసే వీపు కండరాలకు వాటివలన శ్రమ తక్కువ. అందుచేత నేను ఐదు విధాల సాధన చెబుతాను.

1. నెట్టుట: మొదట గోడకు చేతులు ఆనించి, పిదప బల్ల అంచున, చివరకు నేలపై దండాలు తీయాలి.
2. కూర్చుని లేచుట: బస్కీలు. మోకాళ్లు బలహీనంగా ఉన్నవారు కుర్చీపై కూర్చుని లేస్తే చాలు.
3. లాగుట: గట్టి దూలాన్ని పట్టుకొని వేలాడుతూ, క్రమంగా దేహాన్ని పైకి లాగాలి.
4. నిలుపుట: మోచేతులు, కాలివేళ్లపై దేహాన్ని కర్రవలె 10 నుంచి 30 సెకన్లు నిలపాలి.
5. సమతూకం: గోడ చెంత ఒంటికాలిపై నిలబడాలి.

మొదటి మూడింటిని 8 నుంచి 12 మార్లు, దినం విడిచి దినం చేయండి. సులభమైనప్పుడు కఠినతర రూపానికి మారండి.

ఎంత చేయాలి? తన బలంలో సగం మేరకే అని సుశ్రుతుడు నిర్దేశించాడు. హృదయస్థానంలోని వాయువు నోటికి రావడం దానికి గుర్తు. అంటే నోటితో ఊపిరి పీల్చవలసి వస్తే ఆపివేయాలి. వ్యాయామం వలన దేహలాఘవం, కార్యసామర్థ్యం, జఠరాగ్ని వృద్ధి కలుగుతాయని, అతిగా చేస్తే దప్పిక, క్షయం వంటివి వస్తాయని వాగ్భటుడు హెచ్చరించాడు.

భోజనమైన వెంటనే చేయకండి. ఊపిరి బిగబట్టకండి. హృద్రోగం, అధిక రక్తపోటు, గిలక ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా పొందిన తరువాతనే ఆరంభించాలి. రొమ్ములో నొప్పి, తల తిరగడం కలిగితే తక్షణం మాని వైద్యుని సంప్రదించండి.