ఒక్క జ్వరానికి ఆరు వారాల మందులు ఎందుకు?



మా వైద్య సహాయం పద్దులో బ్రూసెల్లోసిస్ అనే పేరు కనిపిస్తుంది. ఒక జ్వరానికి ఆరు వారాల ఖర్చేమిటని మీలో కొందరు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

ఇది మేకలు, గొర్రెలు, పశువుల నుంచి మనిషికి సోకే జబ్బు. పచ్చిపాలు తాగేవారికి, పశువు ఈనినప్పుడు మాయను, ఈసుకుపోయిన పిండాన్ని ఒట్టి చేతులతో తీసేవారికి, కబేళాల్లో పనిచేసేవారికి వస్తుంది. మాంసం వృత్తిలోని మన ఖురేషీ సోదరులకు, గొర్రెల కాపరులకు ఈ ముప్పు ఎక్కువ. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి చూసి టీబీ అనో టైఫాయిడ్ అనో పొరబడతారు. రక్త పరీక్ష చేస్తేనే తేలుతుంది.

ఈ క్రిమి మన ఒంటిని కాపాడే కణాల్లోకే దూరి దాక్కుంటుంది. అందుకే ఒక్క మందు చాలదు, పది రోజులూ చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో రెండు జతలు సూచించింది. రెండింటిలోనూ డాక్సీసైక్లిన్ ఆరు వారాలు వాడాలి. తోడుగా ఒకదానిలో రిఫాంపిసిన్, అదీ ఆరు వారాలే. రెండోదానిలో రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, రెండు మూడు వారాలు.

మింగేసి పనికి పోవచ్చు కాబట్టి రోగులు మాత్రల జతనే ఇష్టపడతారు. కానీ ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, సూది ఉన్న జతతోనే జబ్బు తిరగబెట్టడం తక్కువ. రిఫాంపిసిన్ వల్ల డాక్సీసైక్లిన్ ఒంట్లో త్వరగా ఖర్చయిపోవడం ఇందుకు ఒక కారణమంటారు. పైగా రిఫాంపిసిన్ టీబీకి ముఖ్యమైన మందు. లోపల టీబీ ఉన్నట్టు తెలియక ఇలా వాడితే ఆ క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

సూదికీ ఇబ్బందులున్నాయి. చెవులకు, మూత్రపిండాలకు హాని చేయవచ్చు. స్ట్రెప్టోమైసిన్ బదులు జెంటామైసిన్ వారం, పది రోజులు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మందులే వేరు. వెన్నెముకకో గుండెకో పాకితే మూడు మందులు, నెలల తరబడి.

ఏ జత ఇవ్వాలన్నది వైద్యుని నిర్ణయం. డబ్బు లేనందువల్ల ఆ నిర్ణయం మారకూడదన్నది మాత్రం మా పట్టుదల. డాక్సీసైక్లిన్ ఖరీదు తక్కువే. రోజూ సూదికి వెళ్లే ఆటో చార్జీ, పోయిన కూలి, కిడ్నీ పరీక్షలు, ఇవే పేదవాణ్ణి ఆపేస్తాయి. మీ సదఖాలో ఎక్కువ భాగం వీటికే పోతుంది. ఇంకో చిక్కు ఉంది. మొదటి వారాల్లోనే జ్వరం దిగిపోతుంది. దిగగానే మాత్రలు మానేసి పనిలో చేరేవారే ఎక్కువగా మళ్లీ పడకేస్తారు. అందుకే మాత్రలన్నీ ఒకేసారి చేతికివ్వకుండా వారం వారం ఇస్తున్నాం, మనిషిని చూసి, మాట్లాడి.

బక్రీద్‌కు ఖుర్బానీ చేసే చేతులకు గ్లౌజులు కూడా ఈ పద్దు నుంచే కొంటున్నాం. చేతిమీద గాయమున్నవారు మాంసం కోసే పని ఇంకొకరికి అప్పగించడం మేలు.