అడవిలో సుసానా మూడీ

పాలు పితుకుట మనలో పలువురకొక పనిగా తోపదు. ఆవును చూచినంతనే వణకు గృహిణి మాటయేమి? ఇంగ్లండున సఫోకు మండలమున పుట్టి, పెండ్లికి మున్నే రచయిత్రియైన సుసానా మూడీ 1832లో భర్తతోను, పసికూనతోను కెనడాకు వలసపోయెను. రెండేండ్లకు వారు డూరో ప్రాంతపుటడవిలో, ఆమె తమ్ముడును అక్కయు కాపురమున్న చోటికి చేరువనే, పొలము చేయబూనిరి. చెట్లు నరికి కాల్చిననే గాని విత్తు చల్ల నేల లేదు. డాండిలియనను కలుపుమొక్క వేళ్లను వేయించి, పొడిచేసి, కాఫీగా కాచుకొనిరి. తొలిసారి పాలు పితికిననాడు కలిగిన గర్వము రచనలవలన సైతము కలుగదని ఆమెకు తోచినదట!

1837లో తిరుగుబాటు రేగగా భర్త సైన్యమున చేరెను. ఇంట నలుగురు బిడ్డలు, మీద అప్పులు. రాత్రులందు ఆమె పత్రికలకు వ్రాసెను; మేపుల్ చెట్ల బెరడుపై పుట్టు పుట్టగొడుగులమీద పక్షులను చిత్రించి యమ్మెను. తుదకు భర్తకు తెలుపకయే గవర్నరు సర్ జార్జి ఆర్థరునకు ఉత్తరము వ్రాసి, అప్పుల సంగతి దాచక చెప్పి, ఆయనను కొలువున నిలుపుడని వేడుకొనెను. పెనిమిటికి చెప్పకుండుట తప్పని కొందరందురు, నాకట్లు తోపదు. కొలువు దొరకెను. పిదప ఆయన షెరీఫు కాగా, 1840లో వారు బెల్విల్ పట్టణము చేరిరి. అంత కష్టపెట్టిన అడవిని వీడుటకు ఆమెకు మనసొప్పలేదని 1852లో అచ్చయిన తన గ్రంథమున తానే వ్రాసికొనెను.